ఐరిసు పూవును, మామిడి టెంకయు

గత వేసవిలో మేము కొందఱు విద్యార్థులను వెంటబెట్టుకొని, కొండాపురమును చేరియున్న కొత్తగూడలోని కోట్ల విజయభాస్కరరెడ్డి వృక్షోద్యానమునకు బోయితిమి. మరలివచ్చుచు దారిలో బంగినపల్లి పండ్లు కొని పంచిపెట్టగా నొక బాలిక, "దీనిని మొదట పుట్టించినవా రెవరు సార్?" అని యడిగెను. బంగినపల్లి సంస్థానము పేరు చెప్పి తప్పించుకొంటిమి. ఆమె యడిగినది ఊరిపేరు కాదు.

ఇదే ప్రశ్నను ఐరిసు పూవును గూర్చి యడిగినచో పెక్కు రకములకు జవాబు దొరకును. కత్తులవంటి యాకులు, పైకి నిలిచిన మూడు ఱేకులు, క్రిందికి వ్రేలు మూడు ఱేకులు గల యీ పూవునకు గ్రీకుల యింద్రధనుర్దేవత పేరు పెట్టిరి. కాశ్మీరమున సమాధులపై తెల్లని జాతి నాటుదురు. గడ్డపు టైరిసులకు శీతకాలపు గట్టి చలి కావలెను. మన వానలకు దుంప కుళ్లును. కావున మనయింటి పూవు కాదు. అయినను దాని చరిత్ర మనకు పనికివచ్చును.

కేంబ్రిడ్జిలో శరీరధర్మశాస్త్రము బోధించిన మైకేల్ ఫాస్టరు (1836–1907), తుర్కీ మొదలగు దేశములందలి క్రైస్తవ మతబోధకులకు జాబులు వ్రాసి దుంపలు తెప్పించుకొని, యింటితోటలోనే పుప్పొడి మార్చి సంకరములు చేసెను. చేసినదెల్ల వ్రాసిపెట్టెను. ఆయన కాగితములు డైక్సు అను నాతని చేతికి వచ్చెను; 1913లో వెలువడిన 'ఐరిసు జాతి' యను గ్రంథ మాతనిది. డైక్సు బడిపంతులు. (ఈ మాట చెప్పుటలో మాకు కొంత గర్వము కలదని యొప్పుకొందుము.) అమెరికాలో గ్రేస్ స్టర్టివెంటు అను నామె యీ పనిలో పేరుపొందెను. 1920లో అచట సంఘ మేర్పడి రకముల పట్టికలు ప్రకటించెను. పుప్పొడి మార్చినవాడు పూకాడకు చీటి గట్టును. గింజ మొలచి పూచుటకు రెండు మూడేండ్లు పట్టును. వందల మొక్కలలో నొకటి నచ్చును, తక్కినవి కుప్పలోనికి బోవును. నచ్చినదానికి తల్లిదండ్రుల పేర్లతో పట్టికలో చోటు దొరకును.

మామిడి యింతకంటె మొండిది. ఒక్క పూగెలలో వందలకొలది పూవు లుండినను నిలుచు పిందెలు కొన్నియే. మొలక కాపునకు రావలెనన్న నేండ్లు గడచును. మన దేశమున బుద్ధిపూర్వకముగ మామిడి సంకరము 1911లో పూనాలో బర్న్సు, ప్రయాగ్ అనువారు మొదలిడిరి. కడప మండలమున కోడూరు వద్ద 1935లో వెలసిన ఫలపరిశోధనాలయమున నీలమునకు హిమాయుద్దీనును జతచేసి నీలుద్దీనును, చిన్న సువర్ణరేఖకు జహంగీరును జతచేసి స్వర్ణజహంగీరును గొనివచ్చిరి. సంగారెడ్డిలో రుమానీకి నీలమును గలుపగా మంజీర కలిగెను. నీలము ఏటేట కాయుగుణము గలది. ఏడు విడిచి ఏడు కాచు రకములతో విసిగినవారికి దానిపై మక్కువ సహజము. 1950లో నాయక్, గంగొల్లీలు దక్షిణదేశపు మామిళ్ల పేర్లను సవరించి గ్రంథము వెలువరించిరి.

అంతకు ముందటి చెఱకురసము, పెద్దరసము, కొత్తపల్లి కొబ్బరి మాట యేమి? ఎవరో టెంక నాటిరి, ఎవరో రుచి గుర్తించి యంటు గట్టిరి. ఆ మాలుల పేర్లు నిలువలేదు. 2017లో బంగినపల్లికి భౌగోళిక గుర్తింపు లభించెను. అదియు ఊరికే గాని మనిషికి గాదు. వ్రాయనేరని చేతులు చేసిన పనిని వ్రాయనేర్చినవారు వ్రాయకపోవుటయే దీనికి ముఖ్యకారణమని మా యభిప్రాయము.

రెండవ కారణము మా యింటనే కలదు. మా తాతగారి దొడ్డిలో పీచులేని మామిడి యొకటి యుండెను. పొరుగువారు అంటుకొమ్మ యడిగిన, "చెట్టు మా యింటి గౌరవము" అని యాయన యీయలేదు. ఒక తుపానులో చెట్టు కూలెను. దాని రుచి నెఱిగినవారిలో నిపుడు మా మేనత్తగారొక్కరే మిగిలిరి. ఆ గౌరవ మెచటికి బోయెనో మేము చెప్పలేము.

ఆ బాలిక తన పండు టెంకను బడి వెనుక పాతినది. మన మామిడి టెంక తల్లిని పోలి మొలవదని చెప్పితిమి. మొలక వచ్చిన నాడు అట్టముక్కపై, "తల్లి బంగినపల్లి, తండ్రి తెలియదు, నాటినది నేను" అని తేదీతో వ్రాసి కట్టినది. పేరు వ్రాయుట మఱచినది; మఱునాడు మేమే వ్రాయించితిమి.