ఇల్లు చేరినవారూ చేరనివారూ

దాదాభాయి నౌరోజీ 1855లో లండన్ ఓడెక్కింది వ్యాపారం కోసం. కామా కంపెనీ ఇంగ్లండులో తెరిచిన శాఖలో భాగస్వామిగా వెళ్లారు. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్లు నిండలేదు. ఆ తర్వాత సొంతంగా పత్తి వ్యాపారం పెట్టారు, లండన్ యూనివర్సిటీ కాలేజీలో గుజరాతీ బోధించారు, 1866లో ఈస్ట్ ఇండియా అసోసియేషన్ స్థాపించారు. నల్లవాణ్ని ఎన్నుకునే స్థితికి బ్రిటిష్ ఓటర్లు ఇంకా రాలేదని 1888లో ప్రధాని సాలిస్‌బరీ బహిరంగ సభలో అన్నారు. నాలుగేళ్లు తిరగకుండానే సెంట్రల్ ఫిన్స్‌బరీ ఓటర్లు నౌరోజీని పార్లమెంటుకు పంపారు. మెజారిటీ 5 ఓట్లు.

నౌరోజీ బతుకులో నాకు మరీ ముఖ్యంగా తోచేది ఆయన రాకపోకలు. 1886లో, 1893లో, 1906లో కాంగ్రెస్ అధ్యక్ష పీఠం కోసం ఇండియాకు వచ్చారు. మొదటి రెండుసార్లూ పని ముగించుకుని తిరిగి లండన్ వెళ్లారు. కలకత్తాలో స్వరాజ్యమన్న మాట అధ్యక్షవేదిక మీంచి పలికిన మరుసటి ఏడు స్వదేశంలో స్థిరపడి, 1917లో బొంబాయిలో కన్నుమూశారు. ఆయనను రావద్దని ఎవరూ అనలేదు. విన్నపాలతో, లెక్కలతో, చట్టసభల్లో వాదనలతో సాగిన రాజకీయాన్ని సామ్రాజ్యం సహించింది. తర్వాతి తరానికి ఆ అవకాశం లేకుండా పోయింది.

ఆ మార్పు 1905 నుంచి స్పష్టంగా కనిపిస్తుంది. రత్లాం, జునాగఢ్ సంస్థానాల్లో దివానుగా చేసిన సంస్కృత పండితుడు శ్యామ్‌జీ కృష్ణవర్మ ఆ ఏడాది లండన్ హైగేట్‌లో ఇండియా హౌస్ తెరిచారు. పైకి అది విద్యార్థుల వసతిగృహం. అక్కడే రాజకీయం పుట్టింది. ఆయన భారతీయ విద్యార్థులకు ఉపకారవేతనాలు ప్రకటించి, తీసుకున్నవాళ్లు బ్రిటిష్ సర్కారు కొలువులో చేరకూడదని షరతు పెట్టారు. పై చదువుకు సీమకు వెళ్లడమంటేనే సర్కారీ ఉద్యోగం కోసమని అనుకునే రోజుల్లో ఇది చాలా పెద్ద షరతు. 1909 జూలై 1న ఆ బృందంలోని విద్యార్థి మదన్‌లాల్ ధింగ్రా బ్రిటిష్ అధికారి కర్జన్ వైలీని కాల్చిచంపాక ఆ ఇల్లు నిలవలేదు. శ్యామ్‌జీ అప్పటికే పారిస్ చేరుకున్నారు. అక్కణ్నించి జెనీవాకు వెళ్లి 1930లో అక్కడే పోయారు. ఆయన అస్థికలు ఇండియాకు వచ్చింది 2003లో.

పారిస్‌లో ఈ బృందానికి పెద్దదిక్కు మేడమ్ భికాజీ కామా. 1902లో వైద్యం కోసం యూరప్‌కు వెళ్లిన ఆమె 1907లో స్టుట్‌గార్ట్ సోషలిస్టు మహాసభలో భారత జెండా ఎత్తి ప్రపంచానికి చూపించారు. ఆ తర్వాత స్వదేశానికి రానివ్వలేదు. చివరికి పక్షవాతంతో మంచాన పడ్డాక, ఇక రాజకీయాల జోలికి వెళ్లనని హామీ పుచ్చుకుని 1935లో అనుమతించారు. వచ్చి ఏడాది తిరక్కుండానే బొంబాయిలో కన్నుమూశారు. డెబ్భై దాటిన రోగిష్టి మనిషి దగ్గర ఆ హామీ రాయించుకున్న ప్రభుత్వం ఆమెకు ఎంత భయపడిందో ఆలోచించండి.

వీళ్లందరిలో మనవాడని చెప్పుకోదగినవాడు వీరేంద్రనాథ్ చటోపాధ్యాయ. 1880లో హైదరాబాదులో పుట్టాడు. నిజాం కాలేజీ మొదటి ప్రిన్సిపాల్ అఘోరనాథుడి పెద్ద కొడుకు, సరోజినీ నాయుడికి తమ్ముడు. దేశబహిష్కారం ఆ కుటుంబానికి కొత్త కాదు. చాందా రైల్వే పథకంపై జనాన్ని కదిలించారని అఘోరనాథుణ్ని 1883లో నిజాం ప్రభుత్వమే రాజ్యం నుంచి పంపేసింది. అయితే తండ్రిని తర్వాత వెనక్కి పిలిచారు. కొడుక్కి ఆ పిలుపు రాలేదు.

తెలుగు, ఉర్దూ, బెంగాలీ మాట్లాడుతూ పెరిగిన ఈ కుర్రాడు ఐసీఎస్ కోసం ఇంగ్లండు వెళ్లి, పరీక్ష తప్పి, బారిష్టరు చదువుకు మిడిల్ టెంపుల్‌లో చేరాడు. ఇండియా హౌస్ రాజకీయాల్లో దిగినందుకు అక్కణ్నించి పేరు కొట్టేశారు. 1910లో పారిస్, 1914లో బెర్లిన్, 1917లో స్టాక్‌హోం. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ విదేశాంగ శాఖ అండతో నడిచిన భారత కమిటీకి వెన్నెముక ఆయనే. యుద్ధంలో జర్మనీ ఓడింది, కమిటీ చెదిరింది. జర్మన్ల సాయాన్ని నమ్ముకోవడం తప్పు లెక్క అని ఇవాళ చెప్పడం తేలిక. బ్రిటన్‌తో పోరాడే దేశం మరొకటి కనబడని రోజుల్లో ఆయన ముందున్న దారులు ఎన్నో చూడాలి కదా.

1920లలో బెర్లిన్‌లో చటోపాధ్యాయను (అందరికీ ‘చటో’) కలిసిన జవహర్‌లాల్ నెహ్రూ తన ఆత్మకథలో ఆయన గురించి ఆప్యాయంగా రాశారు. నలిగిన బట్టలు, ఒక్కోసారి పూట గడవని స్థితి, అయినా చెక్కుచెదరని చలాకీతనం. ప్రవాసులందరిలో తనకు బాగా నచ్చిన కొద్దిమందిలో చటోను చేర్చారు. హైదరాబాదులో కవులకూ పండితులకూ ఎప్పుడూ తలుపు తెరిచి ఉండే ఇంట పెరిగినవాడు బెర్లిన్‌లో తిండికి తడుముకున్నాడు. 1927లో బ్రసెల్స్‌లో పుట్టిన సామ్రాజ్యవాద వ్యతిరేక సమితికి ఆ స్థితిలోనే కార్యదర్శిగా పనిచేశాడు. హిట్లర్ అధికారానికి దగ్గరవుతున్న సమయంలో సోవియట్ యూనియన్ చేరి లెనిన్‌గ్రాడ్‌లో నృవంశ శాస్త్ర సంస్థలో ఉద్యోగం సంపాదించాడు. 1937 జూలైలో స్టాలిన్ పోలీసులు పట్టుకెళ్లారు. సెప్టెంబరు 2న కాల్చిచంపారు. ఆయన ఎప్పుడు, ఎలా పోయాడో ఇక్కడ చాలాకాలం ఎవరికీ తెలియలేదు. బ్రిటిష్ సామ్రాజ్యం ముప్పై ఏళ్లు వెంటాడినా చిక్కని మనిషి, తాను నమ్మి వెళ్లిన చోటే హతమయ్యాడు. నాంపల్లిలో ఆ కుటుంబం ఉన్న ఇల్లు గోల్డెన్ థ్రెషోల్డ్ మీదుగా వెళ్లే మనం సరోజినిని తలుచుకుంటాం. చటోనూ తలుచుకోవాలి.

యూరప్‌లో ఇదంతా చదువుకున్నవాళ్ల వ్యవహారంగా ఉంటే, అమెరికా పడమటి తీరంలో పంజాబీ రైతుబిడ్డలు రంగంలోకి దిగారు. కోత మిల్లుల్లో, తోటల్లో పనిచేసి దాచుకున్న కూలి డబ్బులతో 1913 నవంబరులో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి గదర్ పత్రిక తెచ్చారు. యుద్ధం మొదలవగానే వేలమంది తిరుగుబాటు కోసం ఓడలెక్కారు. పంతొమ్మిదేళ్ల కర్తార్ సింగ్ శరభా 1915లో లాహోరులో ఉరికంబమెక్కాడు. ఈ గదర్ పార్టీలో మన కనిగిరి నుంచి వెళ్లిన దరిశి చెంచయ్య ఉన్నారు. పార్టీ పని మీద సయాం వెళ్లి పట్టుబడి, జైళ్లలో మగ్గి, విడుదలయ్యాక మద్రాసులో సంఘసంస్కరణకు అంకితమయ్యారు. ఆయన ఆత్మకథ ‘నేనూ నా దేశం’ ఆ ఉద్యమాన్ని లోపలి మనిషి కళ్లతో చూపే అరుదైన తెలుగు పుస్తకం.

ప్రవాసిని కుంగదీయడానికి జైలే అక్కర్లేదు, కాగితం చాలు. భగత్ సింగ్ థింద్ కేసులో 1923లో అమెరికా సుప్రీంకోర్టు భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని తీర్పిచ్చాక, ఇచ్చిన పౌరసత్వాలనే రద్దు చేయడం మొదలైంది. బెంగాలీ విప్లవకారుడు తారక్‌నాథ్ దాస్‌ను పెళ్లాడిన అమెరికన్ మేరీ, తాను పుట్టిన దేశంలోనే దేశం లేని మనిషినయ్యానని పత్రికకు రాసుకున్నారు.

ఎం.ఎన్. రాయ్ కథ వేరే తీరు. 1915లో జర్మన్ ఆయుధాల కోసం బయల్దేరిన నరేంద్రనాథ్ భట్టాచార్య (రాయ్ అసలు పేరు ఇదే) మెక్సికోలో కమ్యూనిస్టు పార్టీ స్థాపకుల్లో ఒకడై, లెనిన్‌తో సమానంగా నిలబడి వాదించి, చివరికి కమ్యూనిస్టు ఇంటర్నేషనల్ నుంచి బహిష్కృతుడై 1930 డిసెంబరులో మారుపేరుతో ఇండియాలో అడుగుపెట్టాడు. మరుసటి జూలైలో బొంబాయిలో దొరికిపోయి, 1936 దాకా జైల్లో ఉన్నాడు. పార్టీలు మారాడు, చివరికి పార్టీయే వద్దన్నాడు. ఆయన ఆలోచనలు గట్టిగా వేళ్లూనిన చోట్లలో తెనాలి ఒకటి. ఆవుల గోపాలకృష్ణమూర్తి అక్కడి యువకులకు హేతువాదం నూరిపోశారు. నవలాకారుడు గోపీచంద్ ఆంధ్ర రాడికల్ డెమోక్రటిక్ పార్టీ కార్యదర్శిగా పనిచేశారు. ఢిల్లీ రాజకీయాల్లో రాయ్ ఒంటరిగా మిగిలినా, తెలుగు సాహిత్యంలో ఆయన ప్రభావం నిలిచింది.

తర్వాతి యుద్ధం నాటికి మరో హైదరాబాదీ బెర్లిన్‌లో ఉన్నాడు. ఇంజనీరింగ్ చదువుకు వెళ్లిన ఆబిద్ హసన్ చదువు వదిలేసి సుభాష్ చంద్రబోస్ వెంట నడిచాడు. 1943 ఫిబ్రవరిలో కీల్ రేవు నుంచి బయల్దేరిన జర్మన్ జలాంతర్గామిలో బోస్‌తో ఉన్న ఏకైక భారతీయుడు అతనే. మడగాస్కర్ సమీపంలో నడిసముద్రంలో ఇద్దరూ జపాన్ జలాంతర్గామిలోకి మారారు. ‘జై హింద్’ నినాదం కూడా ఆబిద్‌దేనని ప్రసిద్ధి. యుద్ధం ముగిశాక జైలుకు వెళ్లిన అతణ్ని, స్వతంత్ర భారతం విదేశాంగ శాఖలోకి తీసుకుని రాయబారిగా పంపింది. విరమణ తర్వాత సొంత ఊరు హైదరాబాదుకే వచ్చి 1984లో కన్నుమూశాడు.

1915 డిసెంబరు 1న కాబూల్‌లో తాత్కాలిక భారత ప్రభుత్వం ప్రకటించిన రాజా మహేంద్ర ప్రతాప్‌కు ముప్పై రెండేళ్ల ప్రవాసం తర్వాత, 1946లో గానీ స్వదేశం దక్కలేదు. ఆ ప్రభుత్వానికి ప్రధాని అయిన బర్కతుల్లా 1927లోనే శాన్‌ఫ్రాన్సిస్కోలో చనిపోయి, అమెరికా మట్టిలోనే ఉండిపోయాడు. మహేంద్ర ప్రతాప్ మాత్రం 1957 ఎన్నికల్లో మథుర నుంచి ఇండిపెండెంటుగా నిలబడి లోక్‌సభకు గెలిచారు. అక్కడ ఓడిపోయినవారిలో అటల్ బిహారీ వాజపేయి ఒకరు.