పేర్ల పుస్తకం ఎవరి చేతిలో ఉంది?

ఈసారి పోస్టు కాస్త పెద్దది, ఓపిగ్గా చదవండి.

కురిచేడు, మార్కాపురం, దోర్నాల వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న మేము కొందరం ఈ మధ్య ఒక జపాన్ యానిమే చూడటం మొదలుపెట్టాం. పేరు 'నాట్సుమే యూజిన్‌చో'. మిదొరికావా యుకి అనే రచయిత్రి 2003లో బొమ్మల కథగా మొదలుపెడితే, 2008లో టీవీకి వచ్చింది. మేమింకా మొదటి సీజన్‌లోనే ఉన్నాం. దయ్యాల సీరియల్ కదా, భయపెడుతుంది అనుకున్నాం. భయం వేయలేదు గానీ మన చరిత్ర గుర్తొచ్చింది. ఎందుకో చెప్తాం.

నాట్సుమే అనే పిల్లోడికి అమ్మానాన్న లేరు. చుట్టాల ఇళ్లు మారుతూ పెరిగాడు. వాడికి యోకాయ్‌లు కనిపిస్తాయి. యోకాయ్ అంటే ఒట్టి దయ్యం కాదు. అడవిలో, ఏటిలో, చెట్టు కింద, పాత ఇంట్లో ఉండే రకరకాల శక్తులన్నిటికీ కలిపి ఆ మాట. వాళ్ల అవ్వ రెయికో వదిలిపోయిన పుస్తకం ఒకటి వాడి చేతికొస్తుంది. పందెంలో ఓడించిన ప్రతి యోకాయ్ చేతా ఆమె అందులో పేరు రాయించుకుంది. ఆ పుస్తకం ఎవరి దగ్గరుంటే వాళ్లు పిలిస్తే యోకాయ్ రావాలి, చెప్పింది చేయాలి. కాగితం చింపితే, కాలిస్తే ఆ యోకాయ్ ప్రాణానికే ముప్పు. నాట్సుమే ఆ పుస్తకంతో పెత్తనం చేయడు. అడిగి వచ్చినవాళ్లకు ఎవరి పేరు వాళ్లకు తిరిగి ఇచ్చేస్తుంటాడు.

మనకూ ఇలాంటి పుస్తకం ఒకటుండేది. బ్రిటిష్ వాళ్లు 1871లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చారు. 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చింది. మన ప్రాంతమంతా అప్పుడు మద్రాసు కిందే. మార్కాపురం వైపు కర్నూలు జిల్లాలో, దర్శి, పొదిలి నెల్లూరు జిల్లాలో ఉండేవి. ఎరుకల వాళ్లను, కొన్ని చోట్ల యానాదులను ఆ చట్టంలో చేర్చారు. రిజిస్టర్‌లో పేరు రాసి, వేలిముద్ర తీసుకునేవాళ్లు. ఊరు దాటాలంటే చెప్పి పోవాలి. తీరం నుంచి ఉప్పు తెచ్చి లోపలి ఊళ్లలో ధాన్యానికి మార్చుకుని బతికిన ఎరుకల వాళ్లకు, రైళ్లొచ్చి ఆ బేరం పోయింది. తిరగడమే నేరమైంది. కొందరిని సెటిల్‌మెంట్లలో పెట్టారు. బాపట్ల దగ్గర స్టువర్టుపురం సాల్వేషన్ ఆర్మీ చేతి కింద నడిచిన అలాంటి ఊరే. యోకాయ్‌లు కనీసం పందెంలో ఓడి పేరు ఇచ్చాయి. మన ముత్తాతలు ఏ పందెమూ ఓడలేదు. పుట్టడమే సరిపోయింది.

ఇంకోరకం పుస్తకాలూ ఉన్నాయి. మద్రాసు మ్యూజియం అధికారి థర్‌స్టన్ 1909లో దక్షిణ భారత కులాలు, తెగల మీద 7 సంపుటాలు అచ్చేశాడు. మనుషుల ముక్కు పొడవు, వెడల్పు కూడా కొలిచి రాశాడు. కృష్ణకు అవతల అమ్రాబాద్ కొండల చెంచుల మీద హైమన్‌డార్ఫ్ పుస్తకం 1943లో వచ్చింది. వేట దొరికితే మొదట కాస్త మాంసం గారెల మైసమ్మకు పెట్టే సంగతి అందులో ఉంది. ఈ రోజు మన దేవతల గురించి లైబ్రరీలో వెతికితే చేతికొచ్చేవి ఇలాంటివే. కొన్నిటిని చదివితే ఒళ్లు మండుద్ది. అయినా చింపేయమని మేం అనం. చింపితే అందులో ఇరుక్కున్న మన పేర్లే పోతాయి.

రిజిస్టర్ రద్దయింది. మద్రాసు రాష్ట్రంలో 1947లో, దేశమంతా 1952 ఆగస్టు 31న. అది బలవంతంగా రాసుకున్న పేర్ల సంగతి. అసలు ఎక్కడా రాయని పేర్ల సంగతి ఏంటి?

ఈ యానిమే రెండో ఎపిసోడ్‌లో త్సుయుకామి అని ఒక చిన్న గుడి దేవుడు ఉంటాడు. మొక్కేవాళ్లు తగ్గేకొద్దీ అతను చిన్నవాడైపోయి అరచేతిలో పట్టేంత అవుతాడు. చివరికి మొక్కే ముసలమ్మ ఒక్కతే మిగులుతుంది. ఆమె పోయిన రోజే అతనూ పోతాడు. అది చూసి గదిలో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. మాలో ఎక్కువమంది చిన్నప్పటి నుంచీ హాస్టళ్లలో పెరిగినవాళ్లం. తండాలో శీత్లా పండగకు పశువుల మీద గుగ్గిళ్లు చల్లడం తెలుసు. అప్పుడు ఆడవాళ్లు పాడే పాటల్లో ఎవరెవరి పేర్లు వస్తాయో అవ్వలకే తెలుసు.

జపాన్‌లో ఈ కథలు ఎలా మిగిలాయో చూశాం. యానాగితా కునియో అనే ప్రభుత్వ అధికారి, తోనో ప్రాంతపు కుర్రాడు సాసాకి కిజెన్ చెప్పిన కథలు విని 1910లో పుస్తకం వేశాడు. మొదట అచ్చయింది 350 ప్రతులే. ఇప్పుడు ఆ ఊరిని ఆ కథల కోసమే చూడటానికి వస్తారు.

మాకు అంతకంటే దగ్గరగా అనిపించింది ఐనూల కథ. వాళ్లు ఉత్తర జపాన్‌లోని హొక్కైదో ఆదివాసులు. 1899 చట్టం వాళ్లను రైతులుగా, జపనీయులుగా మార్చాలని చూసింది. బళ్లో జపనీస్ చదువే. వాళ్ల భాషకు లిపి లేదు. చిరి యుకియే అనే ఐనూ అమ్మాయి అమ్మమ్మ దగ్గర, పెద్దమ్మ ఇమెకాను దగ్గర పెరిగి దేవుళ్ల పాటలు విన్నది. 13 పాటలు ఎంచి ఐనూ మాటల్ని రోమన్ అక్షరాల్లో, పక్కన జపనీస్‌లో రాసింది. గుండె జబ్బుతో 1922 సెప్టెంబరులో చనిపోయేనాటికి ఆమెకు 19 ఏళ్లు. పుస్తకం 1923లో వచ్చింది. ఆ పాటల్లో గుడ్లగూబ దేవుడు, నక్క తామే 'నేను' అని చెప్పుకుంటారు. వాళ్ల గురించి ఇంకెవరో చెప్పరు.

ఆమె మనకంటే చిన్నది. గోర్ బోలీకి, ఎరుకల వాళ్ల కుర్రు భాషకు సొంత లిపి లేకపోతే ఏం, తెలుగు అక్షరాలు మనకొచ్చు. కాబట్టి అడిగేది ఇదే. ఈ సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఒక అవ్వనో తాతనో అడిగి, మీ తండా, కాలనీ, గూడెం దేవర పేరు, ఏ చెట్టు కిందో, ఏ నెలలో మొక్కుతారో, ఏం పెడతారో రాయండి. పాటైతే వాళ్ల మాటల్లోనే రాసి, కింద తెలుగు అర్థం రాయండి. చెప్పొద్దు, బయటికి చెప్పకూడని పేరు అంటే రాయొద్దు. ఆ పేరు మీద హక్కు వాళ్లది. రాసినవి ఈ గ్రూపులోనే పెడదాం, చెప్పినవాళ్లు ఒప్పుకుంటే వాళ్ల పేరుతో సహా. ముందు మా గది వాళ్లం మేరామ యాడి పాటతో మొదలుపెడుతున్నాం.