సెరిబ్రల్ ఆక్సిమెట్రీ: గుండె ఆపరేషన్ తర్వాత పిల్లల మెదడుపై నిఘా

గుండె ఆపరేషన్ అయిన పిల్లల మెదడుకు సరిపడా ఆక్సిజన్ అందుతోందో లేదో రక్తం తీయకుండా, నిరంతరం గమనించే పద్ధతి.

బిడ్డ నుదుటికి అతికించిన పట్టీ నుంచి సుమారు 700–900 నానోమీటర్ల పరారుణ కాంతి పుర్రె దాటి మెదడు పైభాగంలోకి వెళ్తుంది. ఆక్సిజన్ ఉన్న హిమోగ్లోబిన్, లేని హిమోగ్లోబిన్ ఆ కాంతిని వేర్వేరు పాళ్లలో పీల్చుకుంటాయి. తిరిగొచ్చిన కాంతిని బట్టి మానిటర్ ఆక్సిజన్ శాతాన్ని చూపుతుంది. ఈ సూత్రాన్ని 1977లో శాస్త్రవేత్త ఫ్రాన్స్ యొబ్సిస్ వెల్లడించారు.

వేలికి పెట్టే పల్స్ ఆక్సిమీటర్‌కు నాడి కొట్టుకోవాలి. దీనికి ఆ అవసరం లేదు.

ఎడమ గుండె సరిగా ఎదగని నవజాత శిశువులకు చేసే నార్‌వుడ్ ఆపరేషన్ తర్వాత ఇది బాగా అక్కరకొస్తుంది. అప్పుడు ఒకే జఠరిక ఊపిరితిత్తులకూ, ఒంటికీ రక్తం పంచాలి. వాటా ఊపిరితిత్తుల వైపు మొగ్గితే, వేలి దగ్గర అంకె బాగానే ఉన్నా మెదడు అంకె జారిపోతుంది.

ఆరోగ్యవంతుల్లో ఈ మెదడు అంకె సాధారణంగా 60–80 శాతం. ఒళ్లు నీలంగా మారే గుండె జబ్బుల్లో ఇంకా తక్కువ. అందుకే ఆ బిడ్డ తొలి అంకెతోనే పోల్చి, దాదాపు అయిదో వంతు తగ్గితే అప్రమత్తమవుతారు. మెడ పక్కకు వాలి సిర నొక్కుకుందా, బీపీ పడిందా, వెంటిలేటర్ వల్ల కార్బన్ డయాక్సైడ్ మరీ తగ్గిందా, రక్తం చాలడం లేదా, జ్వరమా, ఫిట్సా అని వరుసగా చూస్తారు.

అయితే పట్టీ నుదుటి వెనుక భాగాన్నే చూస్తుంది. మెదడు లోతుల్లోని దెబ్బను పట్టలేదు. కంపెనీని బట్టి అంకెలూ కొంత మారతాయి.