పురుగుమందు తాళంపెట్టె

రైతు ఇంట్లో పురుగుమందు డబ్బాలు, సీసాలు పెట్టి తాళం వేసుకునే పెట్టెను పురుగుమందు తాళంపెట్టె అంటారు. నిర్మాణంలో విశేషమేమీ లేదు, గట్టి మూత, ఒక తాళం, అంతే. అయినా దీని చరిత్ర వ్యవసాయ పరికరాల చరిత్రలో కన్నా మానసిక వైద్యం, విషచికిత్సల చరిత్రలో ఎక్కువగా కనిపిస్తుంది. క్షణికావేశంలో పురుగుమందు తాగే మనిషికీ ఆ సీసాకూ మధ్య కొంత ఎడం కల్పించడమే దీని పని. ప్రపంచంలో జరిగే ఆత్మహత్యల్లో సుమారు 20 శాతం పురుగుమందులతోనే జరుగుతున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది.

ఆసియా పల్లెల్లో ఆసుపత్రికి చేరి బతికి బయటపడ్డవారిని అడిగి చూసినప్పుడు తరచు ఒకే రకం జవాబు వచ్చింది. ఇంట్లో మాటామాటా పెరిగింది, అటకమీదో గోడ మూలనో మందు సీసా కనబడింది. చాలామందిలో ఆలోచనకూ చేతకూ మధ్య గడిచింది కొద్ది నిమిషాలే. ఆ కాస్త సమయం గడిస్తే ఆవేశం దిగిపోతుంది, బతికినవారిలో అత్యధికులు తర్వాత ఆత్మహత్యతో చనిపోరు. అప్పులు, పంటనష్టం వెనక ఉండవచ్చు, కానీ ఆ రోజు ప్రమాదం పుట్టేది వంటింటి గడప దగ్గర. అందుకే కుటుంబ సలహాదారులు చేసే పనీ ఈ పెట్టె చేసే పనీ ఒకదాని పక్కన ఒకటి నిలుస్తాయి.

అనంతపురం పీఠభూమికి ఈ సంగతి దూరమైనది కాదు. పడమటి కనుమల వర్షచ్ఛాయలో ఉన్న ఈ నేలకు ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ నమ్మకం లేని వాన. ఎర్రనేలల్లో దశాబ్దాలుగా వేరుశనగదే రాజ్యం. తొలకరి తర్వాత ఎర్రగొంగళి పురుగు, ఆపైన ఆకుమచ్చ తెగులు ఇక్కడి రైతుకు పాత శత్రువులే. 2000లో కాండం కుళ్ళు వైరస్ తెగులు దాదాపు 2.25 లక్షల హెక్టార్లను చుట్టేసి 300 కోట్ల రూపాయలకు పైగా నష్టం తెచ్చింది. బీడుల్లో, గట్ల మీద పెరిగే వయ్యారిభామ పుప్పొడిలో ఆ వైరస్ ఉంటుంది, తామరపురుగులు దాన్ని మొక్కకు అంటిస్తాయి. ఇలాంటి ఏడు తర్వాత మందుల కొట్టుకు దారి పెరగడం సహజం. వానలు ముఖం చాటేస్తే మందు కొట్టే పని కూడా ఆగిపోతుంది, తెచ్చిన సీసా సగంలోనే ఇంట్లో మిగిలిపోతుంది.

రైతు ఆత్మహత్యలపై ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2004 జూన్ 1న ఇచ్చిన 421వ నంబరు ఉత్తర్వు బాధిత కుటుంబానికి లక్ష రూపాయల సాయం, అప్పుల పరిష్కారానికి మరో 50 వేలు ప్రకటించింది. అవసరమైన ఉత్తర్వే. కాకపోతే అది మనిషి పోయాక తలుపు తట్టే సాయం.

ముందే తలుపు తట్టే ప్రయత్నాల్లో చెన్నైకి చెందిన మానసిక వైద్యురాలు లక్ష్మీ విజయకుమార్ పేరు ముఖ్యమైనది. 1986లో ఆమె స్థాపించిన స్నేహ సంస్థ ఆత్మహత్య ఆలోచనలున్నవారి గోడు వినడానికి పుట్టింది. వినడం ఒక్కటే చాలదని తేలాక ఆమె తాళాల వైపు కూడా చూశారు. తమిళనాడు కడలూరు జిల్లా కాట్టుమన్నార్ కోయిల్ ప్రాంతంలో ఆమె బృందం రెండు గ్రామాల్లో ఉమ్మడి నిల్వ గదులు కట్టించింది. ఒక్కో కుటుంబానికి ఒక్కో అర, అరకు రెండు తాళంచెవులు: ఒకటి ఇంటివాళ్లది, రెండోది గది చూసుకునే మనిషిది. కావలసిన రోజు వచ్చి తీసుకోవాలి, మిగిలింది మళ్లీ అక్కడే పెట్టాలి. ఈ పద్ధతిని ఊరివాళ్లు ఒప్పుకున్నారని 2013లో వెలువడిన అధ్యయనం తెలిపింది. కాకపోతే పోలిక కోసం తీసుకున్న మరో రెండింటితో కలిపి నాలుగు గ్రామాల చిన్న అధ్యయనం కాబట్టి దాన్నిబట్టి పెద్ద తీర్పు ఇవ్వలేం. నా దృష్టిలో ఇంటి పెట్టె కన్నా ఇదే తెలివైన ఏర్పాటు, ఎందుకంటే సీసా తీయాలంటే ఇంకో మనిషి ముఖం చూడాలి.

ఇంటింటి పెట్టెకు అసలు పరీక్ష శ్రీలంకలో జరిగింది. అక్కడ 200 ఇళ్లలో చేసిన ఒక తొలి ప్రయత్నంలోనే ఓ చిక్కు బయటపడింది: పెట్టె వచ్చాక, అంతవరకు పొలంలో దాచే మందును కూడా కొందరు ఇంటికి తెచ్చుకున్నారు. తర్వాత అనురాధపుర జిల్లాలో 180 గ్రామాలు, 53 వేలకు పైగా కుటుంబాలతో పెద్ద ప్రయోగం చేశారు. 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చిన దాని ఫలితాల ప్రకారం ఏడాదికి లక్ష మందిలో పురుగుమందు తాగినవారు పెట్టెలున్న గ్రామాల్లో 293, లేనిచోట 318. తేడా గణాంకాల లెక్కన నిలబడేది కాదు. పెట్టెలు పంచితే ప్రాణాలు నిలుస్తాయనడానికి ఆధారం దొరకలేదు.

తాళంచెవి ఇంట్లోవాళ్ల దగ్గరే ఉన్నప్పుడు ఇంట్లోవాళ్ల నుంచే కాపాడటం ఎంత కష్టమో ఈ ఫలితం చూపింది. అదే శ్రీలంకలో అత్యంత విషపూరితమైన మందులను దశలవారీగా నిషేధించాక ఆత్మహత్యల రేటు 1995, 2015 మధ్య సుమారు 70 శాతం తగ్గింది. భారతదేశంలో 2018లో కేంద్రం 18 రకాల మందులను నిషేధిస్తూ ఉత్తర్వు ఇచ్చింది, వాటిలో ఆరింటికి 2020 చివరిదాకా గడువిచ్చింది.

తెలుగు నేల నుంచి వచ్చిన ఆధారం మరింత ఆసక్తికరం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రసాయన మందులు మానేసిన నాలుగు గ్రామాలను, వాడుతున్న నాలుగు గ్రామాలతో విజయకుమార్, సతీష్‌బాబు పోల్చి చూశారు. 2009లో అచ్చయిన ఆ అధ్యయనంలో, మందులు మానిన గ్రామాల్లో అంతకుముందు 14 ఆత్మహత్యలు, తర్వాత 3 నమోదయ్యాయి. ఇదీ చిన్న లెక్కే. అక్కడ పెట్టె లేదు, తాళం లేదు, దాచాల్సిన సీసాయే లేదు.

అనంతపురం వైపు ఈ దారికి వేరే కారణాలతో వచ్చినవారున్నారు. చెన్నేకొత్తపల్లి కేంద్రంగా 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ చిరుధాన్యాలు, వేరుశనగ సేంద్రియ సాగును ప్రోత్సహించింది. 2016లో రాష్ట్రంలో మొదలైన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం నీమాస్త్రం, అగ్నిఅస్త్రం వంటి కషాయాలను ఊరూరా పరిచయం చేసింది. వాటి లక్ష్యం నేల ఆరోగ్యం, ఖర్చు తగ్గింపు. ఇంట్లో సీసా లేకపోవడం వాటివల్ల వచ్చే అదనపు రక్షణ, దాన్ని ఎవరూ పెద్దగా లెక్కలో వేయరు.

విషం తీసుకున్న మనిషికి చికిత్స ఎంత త్వరగా అందితే అంత మేలు. ఉమ్మడి రాష్ట్రంలో 108 అంబులెన్సు సేవ 2005 ఆగస్టు 15న మొదలైంది. అనంతపురం జిల్లాలో పెద్దాసుపత్రితో పాటు, విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు నడిపే బత్తలపల్లి ఆసుపత్రి 2000 నుంచి ఈ ప్రాంతానికి ఆసరా. 2022లో జిల్లా విభజన తర్వాత బత్తలపల్లి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది. మనసు బరువెక్కిన వేళ మాట్లాడటానికి, లేదా ఇంట్లో ఒకరి గురించి భయం కలిగినప్పుడు సలహా అడగడానికి, 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ ఉచిత సేవ 14416 నంబరులో రాత్రీపగలూ పనిచేస్తుంది.