జిగురు అట్ట: విషం నుంచి వల దాకా

1889లో లివర్‌పూల్ కోర్టులో ఫ్లోరెన్స్ మేబ్రిక్ మీద భర్తను చంపిందన్న కేసు నడిచింది. ఆమెకు వ్యతిరేకంగా చూపిన సాక్ష్యాల్లో ఒకటి, నీళ్లలో నానేసిన ఈగల కాగితాలు. అప్పట్లో వాటికి ఆర్సెనిక్ పట్టించి అమ్మేవారు. పళ్లెంలో నీళ్లు పోసి కాగితం వేస్తే ఈగలు తాగి చచ్చేవి. ముఖానికి రాసుకునే మందు కోసం నానేశానని ఆమె చెప్పుకుంది. మరణశిక్ష పడింది, తర్వాత యావజ్జీవంగా మారింది. ఆమె దోషో కాదో ఈనాటికీ తేలలేదు. నన్ను కలవరపెట్టేది మాత్రం పిల్లలు తిరిగే ఇంట్లో అంతటి విషం పళ్లెంలో పెట్టుకోవడం.

విషం అక్కర్లేని దారి అదే దశకంలో అమెరికాలోని గ్రాండ్ రాపిడ్స్‌లో దొరికింది. థమ్ కుటుంబం ఆముదం, చెట్ల రెజిన్ కలిపిన జిగురును కాగితానికి పూసి ‘టాంగిల్‌ఫుట్’ పేరుతో అమ్మింది. జిగురు కారి బట్టలకు అంటకుండా అంచుల చుట్టూ మైనం గట్టు కట్టారు. తర్వాత ఇలాంటి జిగురే చెట్ల మొదళ్లకెక్కింది, పాకే పురుగుల్ని ఆపడానికి. జిగురు పూసిన అట్టలకు రంగు విద్యా తోడైంది: తెల్లదోమ పసుపుకు వస్తుంది, తామర పురుగు నీలానికి. 2021లో నల్ల తామర పురుగు విరుచుకుపడ్డాక గుంటూరు, ఖమ్మం మిరప రైతులకు ఈ అట్టలు మరీ అవసరమయ్యాయి.

అయితే రంగు పిలవని ప్రాణుల్నీ జిగురు వదలదు. 2014లో పెన్సిల్వేనియాలోని బర్క్స్ కౌంటీలో స్పాటెడ్ లాంటర్న్‌ఫ్లై అనే ఆసియా పురుగు బయటపడింది. దాని పిల్ల పురుగులు చెట్లెక్కుతాయని జనం మొదళ్ల చుట్టూ జిగురు పట్టీలు చుట్టారు. పురుగుల్ని తినవచ్చిన పక్షులు, చెట్టెక్కే ఉడతలు అందులో ఇరుక్కున్నాయి. ముందుగా పట్టీ చుట్టూ కాస్త ఎడంగా ఇనుప వల బిగించమన్నారు: పురుగు దూరుతుంది, పిట్ట దూరదు. అంతకన్నా మేలైనది అసలు జిగురే లేని బోను. కాన్సస్‌లో పికన్ గింజలు పండించే రైతు ఎడ్మండ్ సర్కిల్ ముక్కుపురుగుల కోసం తయారుచేసినదే దానికి మూలం. మొదలుకు గరాటులా వల కడతారు. పైకి పాకడమే పురుగు నైజం కనుక అది తనంతట తానే పైనున్న సంచిలోకి చేరుతుంది. పురుగు నడకను గమనించి పుట్టిన ఈ ఉపాయమే నాకు అన్నిటికన్నా నచ్చింది.

జిగురు పట్టీ తప్పనిసరైతే వల లేకుండా కట్టకూడదు. పిట్ట అంటుకుంటే లాగకూడదు, ఈకలు ఊడతాయి. మిగతా జిగురు మీద గుడ్డ కప్పి, పట్టీతో సహా వన్యప్రాణుల వైద్యం తెలిసినవాళ్ల దగ్గరికి చేర్చాలి.