ఒక్క తూటాకు ఎంత బోరు?

అమెరికా తుపాకుల రూపకర్త జాన్ మోజెస్ బ్రౌనింగ్ 1926 నవంబరు 26న బెల్జియంలో కన్నుమూశాడు. లీజ్ పక్కనున్న ఎర్‌స్టాల్ ఆయుధ కర్మాగారంలో, కొడుకు వాల్ కూర్చునే గదిలోనే ఆయన గుండె ఆగింది. 2026 నవంబరుకు నూరేళ్ళు నిండుతాయి. ఆయన పేరెత్తగానే లోకానికి పిస్తోళ్ళు, మెషిన్‌గన్నులు గుర్తుకొస్తాయి. కానీ ఇరవై నాలుగేళ్ళ వయసులో ఆయన సంపాదించిన మొట్టమొదటి పేటెంటు ఒక వేట రైఫిల్‌ది. అందులో పట్టేది ఒక్కటే తూటా. అది పేల్చాక చేత్తో ఇంకొకటి పెట్టుకోవాలి.

ఒంటి తూటా రైఫిల్ పట్టినవాడికి ఆనాటి నుంచి ఈనాటి దాకా ఒకటే ప్రశ్న. ఆ తూటా ఎంత లావుండాలి? సన్నదైతే జంతువు గాయంతో పొదల్లోకి పోతుంది, ఎక్కడో పడి రోజుల తరబడి బాధపడి చస్తుంది. మరీ లావైతే భుజం మీద పడే దెబ్బకు భయపడి, ట్రిగర్ నొక్కే క్షణాన వేటగాడే కళ్ళు మూసుకుంటాడు. రెండో అవకాశం ఉండదు. అందుకే క్యాలిబర్ ఎంపిక ఇక్కడ లెక్కల వ్యవహారంగా మొదలై, చివరకు మనిషి బాధ్యత దగ్గర తేలుతుంది.

మొదటి మూడు నాలుగు వందల ఏళ్ళ సంగతి క్లుప్తంగానే చెప్పుకోవాలి. వత్తి తుపాకులు, చెకుముకి తుపాకులు ఏ ఊరి కమ్మరి చేస్తే ఆ ఊరి కొలతల్లో ఉండేవి. గుండు పోత పోసే అచ్చు తుపాకితోపాటే ఇచ్చేవారు. ఒక పౌను సీసంతో ఎన్ని గుండ్లు పోయగలిగితే అన్ని బోర్లు అనే లెక్క ఆ కాలం నుంచి వచ్చినదే. పన్నెండు బోరంటే పౌనుకు పన్నెండు గుండ్లు, నాలుగు బోరంటే నాలుగే. అంకె తగ్గేకొద్దీ గొట్టం లావవుతుంది.

పెద్ద జంతువు ముందు ఈ లెక్క ఎక్కడిదాకా పోయిందో చెప్పడానికి ఆంగ్ల వేటగాడు ఫ్రెడరిక్ సెలూస్ ఒక్కడు చాలు. 1870ల్లో ఆఫ్రికా ఏనుగుల వేటకు ఆయన వాడినవి గొట్టం మూతి నుంచి మందు దట్టించే నాలుగు బోరు తుపాకులు. గుండు పెద్ద ఉసిరికాయంత, బరువు 113 గ్రాములు. ఒకసారి మందు అంటుకోకపోతే తుపాకి మోసే మనిషి తెలియక అందులోనే మళ్ళీ మందూ గుండూ దట్టించాడు. ఆ జోడు దట్టింపు పేలినప్పుడు సెలూస్ నేలమీంచి ఎగిరిపడ్డాడు. ఆ తుపాకుల దెబ్బలకు తన గురి, నిబ్బరం దెబ్బతిన్నాయని ఆయనే తర్వాత బాధపడ్డాడు. తర్వాతి కాలంలో ఆయన చేతికొచ్చింది బ్రిస్టల్‌కు చెందిన గిబ్స్ చేసిన ఫార్కర్‌సన్ రైఫిల్. అదీ ఒంటి తూటాదే, బోరు మాత్రం 0.461 అంగుళం. సగం కంటే తక్కువకు దిగినా వేట ఆగలేదు.

మన మధ్య భారత అడవుల్లో అంతకు కాస్త ముందే, 1860ల్లో, కెప్టెన్ జేమ్స్ ఫోర్సైత్ మరో వాదన చేశాడు. అడవిలో జంతువు కనపడేదే దగ్గర్లో కాబట్టి, లావు గొట్టంలో గుండ్రటి గుండు వేసి, గుండును తిప్పే లోపలి గాడుల మెలిక బాగా తగ్గించి, మందు దండిగా పొయ్యాలన్నాడు. పద్నాలుగు బోరు ఆయనకు ఇష్టం. నూరు గజాల లోపు అడవికి ఆ మాట సరిపోయింది. గడ్డి మైదానాలకు మాత్రం సరిపోలేదు.

ఆ గడ్డి మైదానాలు అమెరికావి. 1860ల నుంచి ఇత్తడి, రాగి తొడుగుల్లో మందూ గుండూ ఒకటిగా కూర్చిన తూటాలు వ్యాపించాయి. పేర్లే కొలతలు చెప్పేవి. 45-70 అంటే 0.45 అంగుళం బోరు, 70 గ్రెయిన్ల మందు. ఒక పౌనుకు 7,000 గ్రెయిన్లు. పాత నల్ల తుపాకిమందుతో ఇలాంటి బరువైన గుండు వేగం సాధారణంగా సెకనుకు 400 మీటర్ల చుట్టుపక్కలే ఉండేది. ఎంత మందు పోసినా ఒక హద్దు దాటి వేగం పెరగదు. కాబట్టి బలం కావాలంటే గుండు బరువు పెంచాలి, బరువు పెరగాలంటే బోరు లావవ్వాలి. 1872లో షార్ప్స్ కంపెనీ తెచ్చిన 50-90ని వేటగాళ్ళు ‘బిగ్ ఫిఫ్టీ’ అని ముద్దుగా పిలుచుకున్నారు. చర్మాల కోసం బైసన్లను కొట్టేవాళ్ళు రాత్రిళ్ళు మంట పక్కన కూర్చుని సీసం కరిగించి, ఖాళీ తొడుగుల్లో మళ్ళీ మందు నింపుకునేవారు. గాలికి ఎదురుగా రెండు మూడు వందల గజాల దూరంలో పడుకుని, ముందు నడిచే ఆవును ఊపిరితిత్తుల్లో కొడితే మంద ఎటు పోవాలో తెలియక అక్కడక్కడే తిరిగేది. ఒక్కొక్కటిగా కొట్టడమే మిగిలేది. గొట్టం కాలిపోతుంటే రెండో రైఫిల్ అందుకునేవారు. ఒంటి తూటా తుపాకి నిదానమన్న మాట అక్కడ ఏ జంతువునూ కాపాడలేదు.

ఇక్కడి నుంచి మనం యూటా రాష్ట్రంలోని ఆగ్డెన్ ఊరికి వెళ్ళాలి. ఈ కథలో నాకు అన్నిటికంటే ప్రియమైన చోటు అది.

జొనాథన్ బ్రౌనింగ్ అక్కడ తుపాకులు బాగుచేసే పెద్దాయన. ముగ్గురు భార్యలు, ఇరవై రెండు మంది పిల్లలు. ఆ దుకాణంలోనే పెరిగిన జాన్‌కు ఎవరో బాగుచేయించుకోవడానికి తెచ్చిన రైఫిల్ విప్పినప్పుడల్లా ఇంతకంటే మంచిది చేయొచ్చనిపించేది. 1878లో చేయడం మొదలుపెట్టాడు. మిల్లింగ్ యంత్రం లేదు. తండ్రి ఎద్దుబండి మీద మైదానాలు దాటించి తెచ్చిన, కాలితో తొక్కే పాత లేతు ఉంది. మిగతాదంతా కొలిమి, సుత్తి, ఉలి, ఆకురాయి. పేటెంటు ఎలా అడగాలో తెలియక న్యూయార్క్‌లోని ఒక ఆయుధ వర్తక సంస్థకు ఉత్తరం రాసి తెలుసుకున్నాడు. 1879 మే 12న దరఖాస్తు వెళ్ళింది. జూన్‌లో తండ్రి పోయాడు. అక్టోబరు 7న పేటెంటు వచ్చింది.

ఆ రైఫిల్‌ను దగ్గరగా చూడండి. ట్రిగర్ చుట్టూ ఉన్న మీటను కిందికి, ముందుకు తోస్తే లోపలి ఉక్కు దిమ్మ నిట్టనిలువుగా కిందికి జారుతుంది. దాంతోపాటే పైనున్న సుత్తీ దిగుతుంది. ఖాళీ తొడుగు వెనక్కి వస్తుంది. కొత్త తూటాను బొటనవేలితో లోపలికి తోసి మీట వెనక్కి లాగితే దిమ్మ లేచి గొట్టం వెనుక నోటిని మూసేస్తుంది, సుత్తి ఎక్కుపెట్టి ఉంటుంది. పేలుడు ఒత్తిడంతా ఆ దిమ్మ మీదా, దానికి వెనుక దన్నుగా ఉన్న గోడల మీదా పడుతుంది. ఇందులో తూటాల పెట్టె లేదు కాబట్టి తూటా ఎంత పొడుగున్నా ఇబ్బంది లేదు, గుండు ముక్కు సూదిగా ఉన్నా భయం లేదు. వరుసగా తూటాలు పేర్చుకునే గొట్టపు మ్యాగజైన్ల రైఫిళ్ళలో సూది ముక్కు ముందున్న తూటా అడుగుకు తగిలి పేలే ప్రమాదం ఉండేది. క్యాలిబర్ ఎంచుకునే స్వేచ్ఛ ఒంటి తూటా రైఫిల్‌కే ఎందుకు ఎక్కువో ఆ దిమ్మలోనే కనిపిస్తుంది.

జాన్, తమ్ముళ్ళు మాట్, ఎడ్, శామ్, జార్జ్ కలిసి చిన్న కార్ఖానా కట్టారు. దారిన పోతూ తగిలిన ఫ్రాంక్ రష్టన్ అనే ఆంగ్లేయ తుపాకి పనివాడు యంత్రాల కిటుకులు నేర్పాడు. 25 డాలర్ల ధరకు సుమారు 600 రైఫిళ్ళు అమ్ముకున్నారు. వాటిలో ఒకటి 1883లో వించెస్టర్ కంపెనీ అమ్మకందారు కంటపడింది. అతడు దాన్ని కనెక్టికట్‌లోని న్యూ హేవెన్‌కు పంపించాడు. కంపెనీ పెద్ద టి.జి. బెన్నెట్ స్వయంగా రైలెక్కి ఖండమంతా దాటుకుని ఆగ్డెన్‌లో దిగాడు. చూస్తే కుర్రాళ్ళ కొట్టు. 8,000 డాలర్లకు బేరం కుదిరింది, అదే రోజు తిరుగు రైలెక్కాడు. 1885లో ఆ రైఫిల్ వించెస్టర్ పేరుతో బజారుకొచ్చింది. ఆ బేరం నుంచి పంతొమ్మిదేళ్ళపాటు బ్రౌనింగ్ తన వేట తుపాకుల నమూనాలు ఆ కంపెనీకే అమ్మాడు.

1883కు ఇంకో గుర్తింపు ఉంది. ఉత్తర మైదానాల బైసన్ మందలు దాదాపు అంతరించినది ఆ ఏడాదే. 1889 మొదటికి ఉత్తర అమెరికా మొత్తంలో మిగిలినవి 1,091 అని జంతుశాస్త్రవేత్త విలియం హార్నడే లెక్క తేల్చాడు. గొప్ప రైఫిల్ అంగడికెక్కేసరికి, ఏ జంతువు కోసం లావు బోర్లు పుట్టాయో ఆ జంతువే లేదు. మిగిలింది జింకలు, ఎల్క్‌లు, ఎలుగులు, కుందేళ్ళు, గురి పోటీలు. అందుకే వించెస్టర్ కేటలాగు ఎటుపడితే అటు విచ్చుకుంది. ఉడతకు, కుందేలుకు 22; గురి పందేలకు, జింకకు 32-40, 38-55; ఎల్క్‌కు, ఎలుగుకు 45-70, 45-90. సుమారు 1920 దాకా లక్షా నలభై వేల రైఫిళ్ళు, అరవై రకాల దాకా తూటాలు. ఒక మనిషి తన ఊరి అడవికి తగినట్టు అడిగి చేయించుకున్న తుపాకి అది.

1884లో ఫ్రాన్స్‌లో పాల్ వియే పొగరాని మందు కనిపెట్టడంతో పాత లెక్క తిరగబడింది. వేగం బాగా పెరిగింది కాబట్టి సన్నటి గుండే లోతుకు దిగుతుంది. 45-70 పాత తూటాను నూరు గజాలకు సరిచేస్తే రెండు వందల గజాల దగ్గర సుమారు రెండడుగులు కిందికి పడుతుంది. కొత్త 30 క్యాలిబర్ తూటాలు కొన్ని అంగుళాలే దిగుతాయి. 1893లో వించెస్టర్ తన ఒంటి తూటా రైఫిల్‌నే 30-40కి చేసి అమ్మింది. అమెరికా వేటగాడికి అంగట్లో దొరికిన మొదటి సన్నబోరు, పొగరాని మందు రైఫిల్ అదే.

ఆ తర్వాత కథ ఒక దారిన నడవదు. ఒకచోట చట్టం బోరును నిర్ణయించింది. పాత మార్టిని-హెన్రీ సైనిక తుపాకులకు సరిపోయే తూటాలు తిరుగుబాటుదార్ల చేతికి చిక్కుతాయన్న భయంతో 1907 ప్రాంతంలో ఆంగ్ల ప్రభుత్వం భారతదేశంలో, సూడాన్‌లో 450 బోరును (అంటే 0.450 అంగుళం) నిషేధించింది. వెంటనే తయారీదార్లు 465, 470, 475, 476 అంటూ కొత్త బోర్లు తెచ్చారు. ఏ పులీ ఆ తేడా అడగలేదు. మన లైసెన్సు తుపాకుల్లో వినిపించే 315 బోరు వెనుకా అదే కారణం. సైన్యం వాడిన 303 పౌరులకు నిషిద్ధం.

రెండు ప్రపంచ యుద్ధాలు మ్యాగజైన్ ఉన్న బోల్ట్ రైఫిల్‌ను ఇంటింటికీ చేర్చాయి. ఒంటి తూటా మూలనపడింది అనుకుంటుండగా 1967లో తుపాకుల తయారీదారు బిల్ రూగర్ పాత ఫార్కర్‌సన్ అందం చూసి ‘నంబర్ 1’ రైఫిల్ తెచ్చాడు. మిసిసిపీ రాష్ట్రం ఒక దశలో ప్రత్యేక వేట రుతువుకు 0.35 అంగుళం, అంతకు పై బోరున్న ఒంటి తూటా రైఫిళ్ళను అనుమతించింది. కాలిఫోర్నియా 2019 జులై 1 నుంచి వేటలో సీసపు గుండ్లు మానిపించింది. రాగి తేలిక కాబట్టి అదే బరువుకు గుండు పొడుగవుతుంది, దానికి గొట్టంలో మెలిక బిగుతుగా ఉండాలి. 2007లో వచ్చిన 6.5 క్రీడ్‌మూర్ తూటా పొడుగు సన్నటి గుండుతో దూరాన్ని జయించింది. అయితే దూరం పెరిగినకొద్దీ ఒకే తూటా అన్న సంయమనం సడలుతోంది. కనపడిందల్లా కొట్టొచ్చనిపిస్తోంది.

మనకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, దాని తర్వాతి సవరణలు ఈ ప్రశ్నకే ముగింపు పలికాయి, అది మంచి ముగింపు. వేట చట్టబద్ధంగా సాగే దేశాల్లో తెలుగువాళ్ళు ఎవరైనా ఒంటి తూటా రైఫిల్ కొనబోతుంటే వందల ఏళ్ళ అనుభవం చెప్పేది ఇదొక్కటే. ముందు మీ భుజం ఎంత దెబ్బ ఓర్చుకుని నిలకడగా గురిపెట్టగలదో చూసుకోండి. తర్వాత మీరు కొట్టబోయే జంతువు బరువు, దూరం చూడండి. కేటలాగు ఆఖరున తెరవండి. మీ చేతి నుంచి తప్పకుండా చోటుకు చేరే తూటాయే సరైన క్యాలిబర్. చేరదని అనుమానం ఉంటే ట్రిగర్ నొక్కకండి.