ఎలివేషన్: ముఖమా, మట్టమా?
హీరో నడిచొస్తే ‘ఎలివేషన్’, ఇంటి ముందుగోడకు టైల్స్ వేసినా ‘ఎలివేషన్’. లాటిన్‌లో ‘ఎలెవారే’ అంటే పైకెత్తడం; బరువులెత్తే లీవర్ దీని చుట్టమే. ఇంగ్లిష్‌లో ఎత్తుకీ, కట్టడం నిలువు బొమ్మకీ ఇదే మాట. భవనాల నమూనాలు గీసే రెవిట్ సాఫ్ట్‌వేర్‌లోనూ అంతే. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైనే ఉంది. మొన్న మా కుర్రాడు రెవిట్‌లో అక్కడి ఇంటికి సర్వే ఎత్తులతో నేల గీసి, గ్రౌండ్ ఫ్లోర్‌ను సున్నా దగ్గరే ఉంచాడు. తెర మీద ఇల్లు అర కిలోమీటరు లోతున కూరుకుపోయింది! కట్టడం కొలతలకు మూలమైన ‘ప్రాజెక్ట్ బేస్ పాయింట్’కు సర్వే ఎత్తు ఇచ్చాకే నేలకెక్కింది. మన మాటల్లో ముఖానికీ ఎత్తుకీ మధ్య ఈ తికమక లేదు: మేస్త్రీ చేతిలో రసమట్టం, చెరువుకు నీటిమట్టం. ముందువైపును ముఖభాగం అందాం, ఎత్తును మట్టం అందాం.